తెంపిన సగం

భేతాళ కథల్లో తలలు తారుమారైన కథ ఒకటి ఉంది. అమ్మవారి గుడిలో ఇద్దరు మగవాళ్లు తలలు నరుక్కుంటారు. అమ్మవారు కరుణించి, తలలు మొండేలకు చేర్చమ్మా బతికిస్తానంటే, ఆ ఇల్లాలు కంగారులో భర్త తలను రెండోవాడి మొండేనికీ రెండోవాడి తలను భర్త మొండేనికీ పెట్టేస్తుంది. ఇప్పుడు ఆమె మొగుడెవరని భేతాళుడి ప్రశ్న. తల ఎవరిదైతే మనిషీ వాడేనని విక్రమార్కుడి తీర్పు. చందమామ చదివి పెరిగినవాళ్లంతా ఈ తీర్పుకు తలూపినవాళ్లే. అయితే విక్రమార్కుడు తలను ఒకటే ముక్కగా లెక్కపెట్టాడు. తలలో సగాన్ని మిగతా సగం నుంచి విడదీస్తే మిగిలేది ఎవరన్న ప్రశ్న భేతాళుడికి కూడా తట్టలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి ఫిట్స్ ఆగని పిల్లల్ని ఎత్తుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికీ, అక్కణ్నుంచి హైదరాబాద్‌కూ తిరిగే తల్లిదండ్రుల్లో కొందరి ముందుకు ఆ ప్రశ్నే వచ్చి నిలబడుతుంది. పుట్టుకనాడే దెబ్బతిన్న సగం మెదడును మంచి సగం నుంచి తెంపేస్తే మూర్ఛ ఆగే అవకాశం ఉందని డాక్టర్లు చెబుతారు. ఇల్లు రెండు మాటలు అడుగుతుంది. ఆ తర్వాత మా బిడ్డ మా బిడ్డలాగే ఉంటుందా? దేవుడిచ్చిన మెదడును కోయించడం పాపం కాదా? మొదటి ప్రశ్న బిడ్డను మెదడులో దాచిపెట్టిన సరుకులా చూస్తోంది. రెండోది బిడ్డను పెద్దల భక్తికి పెట్టిన పరీక్షలా చూస్తోంది. రెండిట్లోనూ అసలు బిడ్డ కనిపించకుండా పోతోందని నా వాదన.

ముందు జరిగేదేమిటో చూడాలి. కడుపులో ఉండగానో, పుట్టిన కొద్దిరోజుల్లోనో పసిబిడ్డ మెదడుకు రక్తం మోసే నాళం పూడుకుపోవచ్చు. పెద్దవాళ్లకు వచ్చే పక్షవాతమే ఇది, కాకపోతే ఎవరి కంటా పడదు. బిడ్డ పాలు తాగుతుంది, నవ్వుతుంది, మెడ నిలుపుతుంది. ఆరేడు నెలలకు గిలక్కాయ చూపిస్తే ప్రతిసారీ ఎడమచెయ్యే చాపుతుంది. పుర్రచేతివాటమని ఇంట్లో మురిసిపోతారు. నిజానికి ఏడాది నిండని బిడ్డకు చేతివాటం ఉండకూడదు. ఒక చెయ్యే ముందుకొస్తోందంటే రెండోది రాలేకపోతోందని అనుమానించాలి. ఆ తర్వాత ఏడాదికో, ఐదేళ్లకో ఫిట్స్ మొదలవుతాయి. చాలామందికి మందులతోనే తగ్గుతాయి, అది మరిచిపోకూడదు. గ్లాస్గోలో 525 మందిని పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి మందుకే దాదాపు సగం మందికి ఫిట్స్ ఆగాయి. రెండోదో మూడోదో ఇచ్చాక ఇంకో 14 శాతం మందికి ఆగాయి. ఆ పైన మందులు కలిపి ఇచ్చినా ఒరిగింది స్వల్పం. సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఆగని మూర్ఛను మందులకు లొంగనిదిగా లెక్కేస్తారు. మూర్ఛ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు ఈ కోవలోకి వస్తారు. దెబ్బతిన్న సగం చచ్చి ఊరుకోదు, దాని చికాకంతా ఇక్కడే ఉంది. అది పగలూ రాత్రీ అదుపులేని విద్యుత్తును పక్కసగంలోకి తోస్తూనే ఉంటుంది. నిద్రలో కూడా వదలదు. నిన్న నేర్చిన మాట ఇవాళ నిలవదు. మంచి సగం కూడా చదువు సాగని బడిలా తయారవుతుంది.

ఈ శస్త్రచికిత్స చరిత్రలోనూ ఒక పాఠం ఉంది. 1928లో వాల్టర్ డాండీ అనే అమెరికా వైద్యుడు మెదడులో గడ్డ కోసం ఒక అర్ధగోళాన్ని పూర్తిగా తీసేసిన సంగతి ప్రకటించాడు. 1938లో కెనడా సర్జన్ మెకెంజీ అదే పనిని మూర్ఛ కోసం చేసి ఫలితం ప్రకటించాడు. 1950లో దక్షిణాఫ్రికా సర్జన్ క్రైనా, పసితనంలోనే ఒక పక్క పడిపోయిన 12 మందికి చేసి ఫలితాలు ప్రకటించాక ప్రపంచం దీన్ని గట్టిగా పట్టించుకుంది. కొన్నేళ్లకు కొత్త చిక్కు బయటపడింది. ఖాళీ అయిన కపాలంలో నెమ్మదిగా నెత్తురు ఊరి, ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెచ్చింది. అప్పుడు రాస్ముసెన్, ఆ తర్వాత విల్‌మ్యూర్, డెలాలాండ్ దారి మార్చారు. మెదడును చాలావరకు ఉన్నచోటే ఉంచి, దాని రక్తప్రసారాన్ని కాపాడి, పక్కసగానికీ కింది భాగాలకూ ఉన్న లంకెలు మాత్రం తెంచడం మొదలుపెట్టారు. దీన్నే హెమిస్ఫెరాటమీ అంటారు. ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు దీన్ని ఎండోస్కోపుతో చేసే పద్ధతిని కూడా అభివృద్ధి చేశారు. ఇది ప్రతి బిడ్డకూ పనికొచ్చే వైద్యం కాదు. పుట్టగానే రక్తంలో చక్కెర పడిపోయి మెదడు వెనకభాగం రెండువైపులా దెబ్బతిన్న పిల్లలకు తెంపడానికి ఒక పక్క అంటూ ఉండదు. నష్టం ఒకే పక్కన ఉండి, రెండో పక్క బాగున్నవాళ్లకే ఈ మాట.

ఇక మొదటి ప్రశ్న వెనకున్న భయం: బిడ్డ సగం మనిషి అయిపోతుందని. దీనికి జవాబు ఆపరేషన్ తర్వాత ఏం జరుగుతుందన్నదాని కంటే ముందు ఏం జరిగిపోయిందన్నదానిలో ఎక్కువగా దొరుకుతుంది. పెద్దవాడికి ఎడమ సగం పోతే సాధారణంగా మాట పోతుంది. పుట్టుకనాడే ఆ సగం పోయిన బిడ్డ మాత్రం మాట్లాడటం నేర్చుకుంటుంది. మాట కుడి సగంలో కాపురం పెట్టుకుంటుంది. ఏ పక్క మాట ఉండాలో శాసనం రాయకముందే ఆ పక్క కూలిపోయింది కాబట్టి మెదడు రెండో పక్కన ఏర్పాటు చేసుకుంది. సర్జన్ కత్తి పెట్టేనాటికి, నష్టం అంత పాతదైతే, బిడ్డ తన సామానులో చాలాభాగం ఎప్పుడో పక్కింటికి చేరవేసుకుని ఉంటుంది. పాతింట్లో మిగిలింది చాలావరకు మంటే. అలాగని ఖర్చు లేదని చెప్పడం మోసం అవుతుంది. తెంపిన సగానికి ఎదురు పక్క చేతివేళ్లు సన్నపని చేయలేవు, గుండీ పెట్టుకోవడం కూడా కష్టం. రెండు కళ్లలోనూ చూపు ఒక పక్క సగం పోతుంది; రోడ్డు దాటేటప్పుడు మెడ తిప్పి చూడటం నేర్పాలి. కొందరికి మెదడులో నీరు చేరి మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. నడక మాత్రం చాలామందికి తిరిగి వస్తుంది. చిన్నప్పుడే అర్ధగోళం తీయించుకుని పెద్దవాళ్లైన ఆరుగురి మెదళ్లను కాల్టెక్ పరిశోధకులు స్కాన్ చేసి 2019లో ప్రచురించారు. మిగిలిన సగంలోని వ్యవస్థలు మామూలు మెదళ్లలో ఉండేవాటిని పోలి ఉండటమే కాక, వాటి మధ్య లంకెలు ఇంకా గట్టిపడి కనిపించాయి.

ఈ వాస్తవం పెట్టుకుని తాత్వికులు ఎవరి జెండా వాళ్లు ఎగరేయవచ్చు. చూశారా, మెదడే మనిషి, అందుకే మెదడు సర్దుకుంటే మనిషి నిలిచాడని చార్వాకుడు అంటాడు. సగం పోయినా ‘నేను’ సగం కాలేదు, కాబట్టి ఆత్మ వేరని వేదాంతి అంటాడు. జనగామకు దగ్గర్లోనే ఉన్న కొలనుపాక పాతకాలం నాటి జైన కేంద్రం. జీవుడు ఒంటినిండా ఒంటి కొలతకే వ్యాపించి ఉంటాడని జైనుల సిద్ధాంతం. అలాగైతే మనిషి ఒంటి కొలతకు ఉన్న జీవుడు ఏనుగుగా పుడితే ఆ ఒంటిని ఎలా నింపుతాడు, చీమగా పుడితే ఆ ఒంట్లో ఎలా పడతాడని శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో నిలదీశాడు. జీవుడికి పెరగడం తరగడం పెడితే వాడు నిత్యుడు ఎలా అవుతాడన్నది ఆయన పోటు. ఆ పాత తగాదాలో ఎవరు గెలిచారో ఈ పిల్లలు తేల్చరు. నిజాయితీగా చూస్తే ఈ ఆపరేషన్ ఆత్మ ఉందనీ రుజువు చేయదు, లేదనీ రుజువు చేయదు. ఒక్క ఊహను మాత్రం ఇది నిలువనీయదు: మనిషితనం మాంసం తూకాన్ని బట్టి ఉంటుందన్న ఊహను. దాన్ని సిద్ధాంతంగా ఎవరూ పైకి చెప్పుకోరు గానీ, ‘సగం మెదడు బిడ్డ’ అని గుసగుసలాడే ప్రతి నోటా అదే పలుకుతోంది. ఈశావాస్య ఉపనిషత్తు ముందు చదివే, పూర్ణంలోంచి పూర్ణం తీసినా పూర్ణమే మిగులుతుందనే శాంతిమంత్రాన్ని ఇక్కడ ఉదహరించాలని చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. ఆ మంత్రం చెప్పే పూర్ణత్వం పరబ్రహ్మానిది. దాన్ని తెచ్చి స్కానింగ్ రిపోర్టుకు అంటించడం మంత్రానికీ మర్యాద కాదు, బిడ్డకూ మేలు కాదు.

ఇంతకంటే పదునైన ప్రశ్న ఒకటుంది. దాన్ని దాటవేస్తే వాదన డొల్ల. తెంపిన సగాన్ని తీసిపారేయలేదు కదా, రక్తం పారుతూ కపాలంలోనే ఉంది కదా. అందులో ఎవరైనా ఉన్నారా? బయటి లోకం నుంచి చూపు రాక, మాట వినపడక, వేలు కదపలేక, చీకటింట్లో తాళం పడిన రెండో బిడ్డ ఒకరు మిగిలిపోయారా? ఇది తమాషాకు వేసే ప్రశ్న కాదు. రెండు సగాల మధ్య వంతెనను మాత్రమే కోయించుకున్నవాళ్ల మీద రోజర్ స్పెర్రీ ప్రయోగాలు చేశాడు. ఒక సగానికి చూపించిన బొమ్మ సంగతి రెండో సగానికి తెలియకుండానే, ఏ సగానికి ఆ సగం సొంతంగా జవాబిస్తోందని చూపినందుకు 1981లో ఆయనకు నోబెల్ వచ్చింది. అక్కడ రెండు సగాలూ మేలుకునే ఉన్నాయి. ఇక్కడి పరిస్థితి వేరు. ఈ శస్త్రచికిత్స జరిగిన పదిమంది పిల్లల తలల మీది విద్యుత్తరంగాలను పరిశీలించి ఇటలీ పరిశోధకుల బృందం 2025లో ఒక వ్యాసం ప్రచురించింది. బిడ్డ పూర్తిగా మేలుకుని ఉన్నప్పుడు కూడా తెంపిన సగంలో గాఢనిద్రలోనో, మత్తుమందులోనో కనిపించే మందగతి అలలే కనిపించాయి. ఆపరేషన్ జరిగి ఏళ్లు గడిచినా అదే తీరు.

మాండూక్యోపనిషత్తు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అని మెట్లు చెప్పింది. అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవేనని మనమంతా అనుకున్నాం. ఒకే కపాలంలో గోడకు ఈవల మెలకువ, ఆవల సుషుప్తి ఏకకాలంలో ఉండవచ్చని ఆ ఋషికి ఎవరూ చెప్పి ఉండరు. అద్వైతులు సుషుప్తిని గురించి ఒక వాదం చేస్తారు. లేచాక ‘హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాం కాబట్టి ఆ నిద్రకు కూడా ఒక సాక్షి ఉండి తీరాలంటారు. వాదం గట్టిదే, కానీ అది నిలబడేది లేచి చెప్పేవాడి నోటి మీద. తెంపిన సగం ఎన్నడూ లేవదు. ఆ నిద్రను తనదని చెప్పుకునేవారెవరూ రారు. అలల రూపాన్ని బట్టి అనుభవం లేనేలేదని శాసించలేం, నిజమే. అయితే ధర్మసందేహంలో రెండు పక్కలా తూచాలి. ఒక పక్క, మెలకువ గుర్తులేవీ లేని నిద్ర. ఇంకో పక్క, ఆపరేషన్‌కు ముందు అదే సగం రోజుకు ఎన్నోసార్లు పుట్టించిన తుఫాను, దాని కింద నలిగిన బిడ్డ. మన ఆయుర్వేదం ఈ జబ్బుకు పెట్టిన పేరు అపస్మారం, అంటే స్మృతి తప్పడం. స్మృతీ బుద్ధీ చెదిరి మనిషి అప్పుడప్పుడూ చీకట్లోకి జారడమని చరకుడి వివరణ. నటరాజు పాదం కింద పడి ఉండే మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. శివుడు వాణ్ని చంపడు, లేవకుండా తొక్కిపెడతాడు. శిల్పికి న్యూరాలజీ తెలుసని నేననను. పోలిక బాగా కుదిరిందని మాత్రం ఒప్పుకోక తప్పదు.

కోయించడం పాపమా అన్న రెండో ప్రశ్నకు వస్తే, మొదట చెప్పిన ఆ మూడు జిల్లాలూ దేవుళ్లకు కొదవలేని నేల. కురవి వీరన్నకు మొక్కుతారు, తండాల్లో సీత్లా భవానికి మొక్కుతారు, అడవి మండలాల వాళ్లకు సమ్మక్క సారలమ్మలున్నారు. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, తాయెత్తు కట్టించడం ఊరూరా ఉన్నవే. వీటిలో తాయెత్తుతో నాకు పేచీ లేదు. మందు మానిపించనంతకాలం అది తల్లికి ధైర్యం. పేచీ అంతా ‘ఎవరు చేసుకున్న కర్మ’ అనే మాటతో. ఆ మాట వెంటనే తల్లి మీదికి పోతుంది: గ్రహణంలో బయటికి వచ్చిందనీ, మొక్కు తప్పిందనీ. పసిబిడ్డ మెదడు దెబ్బతినే కారణాలు రక్తనాళం పూడటం, కాన్పులో ఊపిరి అందకపోవడం, పురిటిలో చక్కెర పడిపోవడం, మెదడుకు చీము పట్టడం లాంటివి. చక్కెర పడిపోవడానికి తొలిపాలు ఆలస్యం కావడం కూడా ఒక కారణం కావచ్చు. ముర్రుపాలు పిండి పారబోయించే పెద్దరికం ఎవరి కర్మలో రాయాలో మాత్రం ఎవరూ అడగరు.

కర్మను నమ్మేవాళ్లకు కూడా చేతులు ముడుచుకోమని శాస్త్రం చెప్పలేదు. చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో శిష్యుడు అగ్నివేశుడు ఇదే అడుగుతాడు, ఆయుష్షు ముందే ఖరారై ఉంటుందా అని. వెనకటి దేహంలో చేసింది దైవం, ఈ దేహంలో చేసేది పురుషకారం, బలహీనమైన దైవాన్ని బలమైన పురుషకారం గెలుస్తుందని గురువు జవాబు. అంతా ఖరారైతే ఓషధులెందుకు, మంత్రాలెందుకు, పూజలెందుకు, మదమెక్కిన ఏనుగు ఎదురైతే పక్కకు తప్పుకోవడమెందుకని ఎదురడుగుతాడు. దైవం బలహీనమో బలమైనదో ప్రయత్నం చేయకుండా తెలిసే దారి లేదన్నది ఈ మాటలో దాగిన తర్కం. ఏనుగంటే జనగామ జిల్లాలోని బమ్మెర గుర్తురావాలి. పోతన భాగవతంలో గజేంద్రుడి శరణాగతిని తెలుగువాళ్లు కంఠతా పట్టారు గానీ, ఆ ఏనుగు తన సత్తువంతా అయిపోయేదాకా మొసలితో పెనుగులాడాకే పిలిచిందన్న సంగతిని వదిలేస్తారు. వచ్చిన దేవుడు చేసింది కూడా చక్రంతో కోయడమే. పోలిక ఇక్కడే ఆపాలి, ఎందుకంటే మొసలి పరాయిది, దెబ్బతిన్న సగం బిడ్డ సొంత ఒళ్లు.

మతం వైపు నుంచి వచ్చే గట్టి అభ్యంతరం కర్మ కాదు, ఓర్పు. బాధను దేవుడిచ్చినట్టు స్వీకరించడంలో ఒక మహత్తు ఉందని అన్ని మతాలూ చెప్పాయి. బుఖారీ సంకలనంలో ఒక హదీసు ఉంది. మూర్ఛతో బాధపడే ఒక స్త్రీ ప్రవక్త దగ్గరికి వచ్చి తనకోసం ప్రార్థించమంటుంది. ఓర్చుకుంటే స్వర్గం, కోరుకుంటే స్వస్థత కోసం ప్రార్థిస్తానని ఆయన అంటాడు. ఆమె ఓర్పునే ఎంచుకుంటుంది. మూర్ఛలో ఒంటి మీది బట్ట తొలగకుండా మాత్రం ప్రార్థించమంటుంది. ఎంత గొప్ప కథ! కానీ అందులో ప్రాణమంతా ‘ఎంచుకోవడం’లో ఉంది. ఆమె పెద్దది, ఆమెను అడిగారు, ఆమె చెప్పింది. మూడేళ్ల బిడ్డ విషయంలో తల్లిదండ్రులు ఓర్చుకుంటున్నామని అంటే, ఓర్చుకుంటున్నదెవరు? మార్కు సువార్తలో నిప్పుల్లో నీళ్లలో పడిపోయే కొడుకును తెచ్చిన తండ్రికి యేసు ఓర్చుకో అని చెప్పలేదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కన్నప్ప తన కన్ను తాను పెకలించి శివుడికి ఇచ్చాడు. అదే పురాణంలో సిరియాళుడు శివభక్తితో కన్నకొడుకును వండి వడ్డించాడు. మొదటి కథ వింటే చేతులు జోడిస్తాం, రెండోది వింటే కడుపులో తిప్పుతుంది. ఆ తేడాకు కారణం భక్తిలో ఎక్కువ తక్కువలు కావు. ఒకడు తనది ఇచ్చాడు, ఇంకొకడు తనది కానిదాన్ని ఇచ్చాడు. సిరియాళుడి కథలో కొడుకును శివుడే తిరిగి ఇచ్చేశాడు కాబట్టి గానీ, లేకుంటే ఆ కథ మనకు మిగిలేదా?

అలాగైతే బిడ్డను అడగకుండా కోయించడం మాత్రం ఏ న్యాయమని ఎవరైనా నన్నే పట్టుకోవచ్చు. కోతకు కూడా బిడ్డ ఒప్పుకోలేదు, పైగా అది మళ్లీ అతికేది కాదు. అభ్యంతరం సబబైనదే. కాకపోతే ఇందులో ఒక దొంగలెక్క ఉంది. కోయించడాన్ని చర్యగానూ, ఆగడాన్ని ఏమీ చేయకపోవడంగానూ అది చూస్తోంది. పెద్దల విషయంలో ఆ లెక్క కొంతవరకు చెల్లుతుంది. బిడ్డ మెదడు రోజురోజుకూ అల్లుకుంటోంది. ఆగిన ప్రతి నెలా ఆ అల్లికలో పడే పోగే. ఆగడం ఏమిస్తుందో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కొలిచి 2017లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లల్లో 57 మందికి వెంటనే శస్త్రచికిత్స చేశారు, 59 మందిని మందులతోనే వరసలో ఉంచారు. అక్కడ ఎలాగూ నెలల తరబడి వేచి ఉండాల్సిన వరసే అది. ఏడాది తర్వాత మొదటి గుంపులో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. రెండో గుంపులో ఆ సంఖ్య 7. అదే పత్రం ఇంకో అంకె కూడా దాచకుండా చెప్పింది: శస్త్రచికిత్స అయినవాళ్లలో 33 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి, ఒక పక్క బలహీనపడటం వాటిలో ముఖ్యం. ఈ అంకెలు అన్ని రకాల మూర్ఛ ఆపరేషన్లకూ కలిపి చెప్పినవి. పుట్టుకనాడే ఒక పక్క పడిపోయిన బిడ్డ విషయంలో పోయేదానిలో చాలాభాగం ముందే పోయి ఉంటుంది. ఆ తేడాను తల్లిదండ్రులకు విడమరిచి చెప్పాల్సింది డాక్టరే. ధైర్యం చెప్పినంత మాత్రాన ఆ పని అయిపోదు. అన్నీ విని వద్దనుకున్న తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. వినకముందే దేవుడి మీద వేసినవాళ్లతోనే నా వాదన. మూర్ఛ సంగతి బయటపడితే ఆడపిల్లకు సంబంధం రాదని దాచేవాళ్లు కూడా ఈ వరసలోనే ఉన్నారు. పెళ్లికి మూర్ఛను అడ్డంకిగా చూపే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. చట్టం మరిచిపోయిన మాటను ఊళ్లు ఇంకా పట్టుకునే ఉన్నాయి.

తల్లిదండ్రుల ధర్మం గురించి ఇంత మాట్లాడి, దారి సంగతి మాట్లాడకపోతే అది ఉన్నవాళ్ల తత్వం అవుతుంది. జనగామ హైదరాబాద్ రోడ్డు మీదే ఉంది. మహబూబాబాద్‌కు రైలుంది. కొత్తగూడ, గంగారం మండలాల నుంచి, భూపాలపల్లి అవతలి పలిమెల అడవుల నుంచి బయల్దేరినవాళ్లకు ఒక్క ఈఈజీ పరీక్షకే కూలి ఎన్ని రోజులు పోతుందో లెక్కపెట్టుకోవాల్సిందే. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి. మూర్ఛ శస్త్రచికిత్స మాత్రం ఇప్పటికీ నిమ్స్ లాంటి హైదరాబాద్ ఆసుపత్రుల్లో దొరికేదే. బయటి రాష్ట్రాల్లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ 1990ల నుంచే ఈ పని చేస్తోంది. ఆపరేషన్ ప్రతి జిల్లాలో జరగనక్కర్లేదు. ఎవరికి అవసరమో కనిపెట్టే కన్ను మాత్రం ప్రతి ఊళ్లో ఉండాలి, ఉండవచ్చు కూడా. భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ముందు కాలుడికి మొక్కి, తర్వాతే ముక్తీశ్వరుడికి మొక్కడం అక్కడి ఆచారం. ఈ పిల్లల విషయంలో కూడా ముందు మొక్కాల్సింది కాలానికే. తొమ్మిదో నెల టీకాకు బిడ్డను ఎత్తుకొచ్చినప్పుడు ఆశా కార్యకర్త ఒక గిలక్కాయను ఎదురుగా, సరిగ్గా మధ్యన పట్టుకోవాలి. ఏ చెయ్యి వస్తుందో చూసి, ఆ చేతిని మెల్లగా పట్టి ఆపి, రెండో చెయ్యి వస్తుందేమోనని కాసేపు ఆగాలి.